తనంతట తాను

తార్నాక,
బుధవారం సాయంత్రం.

శ్రీవారికి,

విశాలాక్షి నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. వెల్లూరులో మీరూ, మరిది వెంకటేశ్వర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. ఎడమ చేత్తో రాసిన ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. మాట ఇంకా పెగలకపోయినా రాత వస్తోందనీ, రోజూ ఉత్తరాలు రాయించమనీ స్పీచ్ థెరపీ అమ్మాయి చెప్పిందట కదా. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

వాన పడిందా అని అడిగారు. పడింది, లాలాగూడ వైపు ఆటోలు రానంటున్నాయి. నా మోకాలి నొప్పి మెట్లెక్కేటప్పుడు తప్ప గుర్తు రావడం లేదు. ఉద్యోగం మానేశావా అని అడిగారు. మానలేదు, యూనివర్సిటీ లైబ్రరీకి రోజూ వెళ్తూనే ఉన్నాను. ఇక బీమా సంగతేమిటని కింద గీత గీసి మరీ అడిగారు. గెలిచాం.

పక్షవాతంతో మీరు మంచాన పడ్డ కొత్తలో మీకేమీ తెలియనివ్వలేదు కనుక మొదటి నుంచీ చెబుతాను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఖర్చంతా ఆరోగ్య బీమా వాళ్ళే భరించారు. ఇంటికొచ్చాక మీకు స్నానం చేయించడానికి మనిషిని పెట్టుకుంటామంటే మాత్రం అది వైద్యం కాదు, సంరక్షణ, మా పాలసీలోకి రాదన్నారు. ఆ పాలసీ ఆసుపత్రి గుమ్మం దాకానే వస్తుందని నాకప్పుడు తెలిసింది. జబ్బుకు మందివ్వడం వేరు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మనిషిని కనిపెట్టుకుని ఉండడం వేరు. రెండోదానికి వేరే పాలసీ ఉండాలి. అది మీరు ఎప్పుడో తీసుకున్నారు, ఎందుకొచ్చిన దండగ అని నేను సణిగాను కూడా. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, నడక, బాత్రూముకు వెళ్ళడం, వీటిలో మూడు పనులు మనిషి తనంతట తాను చేసుకోలేకపోతే నెలనెలా డబ్బిచ్చే పాలసీ అది.

మీరు చికిత్సకు వెల్లూరు వెళ్ళే ముందు కంపెనీ తరఫున ఒక డాక్టరుగారు ఇంటికి రావడం గుర్తుండే ఉంటుంది. పరాయి మనిషి ముందు మీరు చిన్నబోకూడదని పొద్దున్నే గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, దిండ్ల మధ్య కూర్చోబెట్టాను. అన్నం కలిపి మీ ఎడమ చేతికి చెంచా అందించాను. స్నానం ఎలా చేస్తారని ఆయన అడిగితే, బాగానే చేస్తారండీ అన్నాను. ఆయన అదే రాసుకెళ్ళారు. డబ్బు ఇవ్వడం కుదరదని కంపెనీ తేల్చేసింది.

ఉద్యోగం మానేసి మీ దగ్గరే ఉండమని బంధువులంతా చెప్పారు. నేనూ సిద్ధపడ్డాను. ఇంతలో క్యాంపస్‌లో పొద్దున్నే మీతో నడిచే లా కాలేజీ నరహరిగారు లైబ్రరీకి వచ్చి మీ గురించి అడిగారు. పాలసీ తెప్పించుకుని అక్కడే టేబుల్ దగ్గర కూర్చుని చదివారు.

"మేడం, గీ ఒక్క మాట వదలకుండ్రి. 'తనంతట తాను' అని రాసిన్రు. ఇంకొకరు పట్టుకుంటే చేస్తున్నరంటే, సార్ తనంతట తాను చేస్తున్నట్టు కాదు. ఇది బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి తీసుకుపోవాలె."

"నేను మాట్లాడగలనా అండీ?"

"మీరే మాట్లాడాలె. సార్‌ను మీకంటె ఎవరు చూసిన్రు? కాకపోతే సిగ్గుపడితే కేసు పోతది."

పోయిన గురువారం విచారణకు పిలిచారు. వెల్లూరు డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాను. కంపెనీ ఆఫీసరు చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"స్నానం బాగానే చేస్తారని ఆ రోజు మీరే చెప్పారు కదా మేడం."

"చెప్పాను. ఆయన ఎదురుగా ఇంకేం చెప్పమంటారు?"

"అయినా ఇంట్లో మీరున్నారు కదా."

"ఉన్నాను. నేను ఆయన భార్యనండీ. మీ పాలసీలో నేను లేను."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అంబుడ్స్‌మన్ గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. నిన్న తీర్పు వచ్చింది. నెలనెలా ఇవ్వాలి, ఇప్పటిదాకా ఇవ్వని నెలలవి కూడా కలిపి ఇవ్వాలి. నరహరిగారికి ఫోను చేస్తే ఆయన కాసేపు నవ్వుతూనే ఉన్నారు.

మాణికేశ్వర్ నగర్ నుంచి ప్రమీలమ్మ అని ఒకామెను కుదిర్చాను. ఇదివరకు రోగుల దగ్గర పనిచేసిన మనిషి. ఇవాళ వచ్చి మన గదంతా చూసింది.

"అమ్మా, మంచం గోడకెల్లి ఇవతలికి జరుపుదాం. సార్‌కు కుడిదిక్కు నేను నిలవడేతందుకు జాగ ఉండాలె," అంది.

ఇద్దరం కలిసి జరిపాం.

ఇక మీకు చెప్పాల్సింది ఒకటి మిగిలింది. దీన్ని ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నా చెయ్యి పట్టుకుని, తలుపు వైపు చూపించి, తల అడ్డంగా ఊపారు. గదిలో సంగతి గది దాటకూడదని మీ సైగ. సరేనన్నాను. విచారణలో ఆ మాట తప్పాను. మీ చొక్కా గుండీలు ఎవరు పెడతారో, బాత్రూములో ఏం జరుగుతుందో, ఒక పూట చేరుకునేలోపే బట్టలు తడిసి మీరెంత కుమిలిపోయారో, అన్నీ చెప్పాను. మన పిల్లలకు కూడా చెప్పనివి కొత్త మనుషుల ముందు చెప్పాను. అడిగినవన్నిటికీ జవాబిచ్చాను. బయటికొచ్చాక మాత్రం వరండాలో కూర్చుని ఏడ్చాను. అయినా మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళి చెబుతాను. దాచినన్నాళ్ళూ మీ కష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. చెప్పాకే వచ్చింది.

కోపం వస్తే రాయండి. ఎడమ చేత్తో ఎంత పొడుగు తిట్టినా అక్షరం వదలకుండా చదువుకుంటాను.

వచ్చే వారం శుక్రవారం మీరు బండి దిగే వేళకు సికింద్రాబాద్ స్టేషన్‌కు నేనూ, ప్రమీలమ్మా చక్రాల కుర్చీ తీసుకుని వస్తాం. ప్లాట్‌ఫాం మీద తెలిసినవాళ్ళు కనబడితే కనబడనివ్వండి. తలెత్తుకుని నేనే తోసుకొస్తాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
విశాలాక్షి