మెట్ల లైటు క్రెడిట్

జూలై 3, సోమవారం. బీపీ 150/96

కోపం వచ్చినప్పుడు అరవకండి, కాగితం మీద పెట్టండి అన్నాడు డాక్టరు. ఈ నోటుబుక్కు అందుకే. ఇది ఎవరూ చదవరు. మా ఆవిడ చదవనని మాట ఇచ్చింది. నల్లబల్ల మీద ముత్యాల్లా రాసే నేను కాగితం మీద కోడి కెలికినట్టు రాస్తాను కాబట్టి ఆ మాట నిలబెట్టుకోవడం ఆవిడకేం కష్టం కాదు.

ఇరవై తొమ్మిదేళ్లుగా తొమ్మిదో తరగతికి ఫిజిక్సు చెబుతున్నాను. ఇవాళ మా పెద్ద మేడమ్ మీటింగు పెట్టి, ఇకమీదట మా బళ్లో పాసు, ఫెయిలు అనే మాటలే ఉండవని ప్రకటించింది. ఏడాది చివర పరీక్ష లేదు. ప్రతి పాఠానికీ ఒక పని ఉంటుంది. ఆ పని చేసి చూపించి, అలా ఎందుకు చేశారో చెప్పగలిగిన పిల్లలకు క్రెడిట్. క్రెడిట్లన్నీ వచ్చిన రోజునే పైతరగతికి వెళ్లిపోవచ్చు, అది ఏ నెలయినా సరే. ఎవరి కుర్చీ వాళ్లే మోసుకుని వెళ్లాలి. రానివాళ్ల కార్డు మీద "ఇంకా రాలేదు" అని ముద్ర వేస్తాం. ఎన్నిసార్లయినా మళ్లీ రావచ్చు.

ఆవిడకు నేను మిక్సీ అని పేరు పెట్టాను. ఈ పుస్తకం వరకే. చెప్పాపెట్టకుండా మొదలవుతుంది, లోపల వేసిందంతా మెత్తబడేదాకా ఎవరి మాటా వినిపించుకోదు.

జూలై 5, బుధవారం

ఇవాళ మీటింగులో నేనే హీరోని. పిల్లలు ఋజువు కింద ఏం తేవాలన్న చర్చ వచ్చింది. ఇంట్లో అక్కలూ బాబాయిలూ రాసిపెట్టిన ఫెయిర్ కాపీలు పట్టుకొస్తారు, నాకు తెలుసు వీళ్ల సంగతి అన్నాను. కాబట్టి ఫెయిర్ కాపీ చెల్లదు, అప్పటికప్పుడు రాసిన అసలు పుస్తకమే తేవాలి, తేదీ ఉండాలి, ఒక్క పేజీ కూడా చింపి ఉండకూడదు, కొట్టివేతలతో సహా మొత్తం పుస్తకం అప్పగించాలి అన్నాను. అందరూ బల్లలు చరిచారు. మిక్సీ దాన్ని తొమ్మిదో రూలుగా రాసుకుంది. ఇంటికొచ్చి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెబుతుంటే లేచి వెళ్లి బట్టలు మడతపెట్టుకుంది.

జూలై 6, గురువారం. బీపీ చూసుకోలేదు, భయం

పదో రూలు మిక్సీది. కార్డు మీద సంతకం పెట్టే టీచరు ముందు ఆ పని తను చేసి చూపించాలిట. అప్పటికే ఆ పని వచ్చినవాళ్లెవరైనా చూసి ముద్ర వేయాలిట. నవ్వొచ్చింది. విద్యుత్తు పాఠం నేను నిద్రలో కూడా చెబుతాను.

ఆ పాఠానికి మిక్సీ పెట్టిన పని మెట్ల లైటు. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, మధ్యలో ఒక బల్బు. ఏ స్విచ్ నొక్కినా లైటు వెలిగితే ఆరాలి, ఆరి ఉంటే వెలగాలి. బ్యాటరీ, బల్బు, స్విచ్‌లు, వైర్లు బల్ల మీద పెట్టి పిల్లలందరినీ పిలిచాను. చేసింది ఒక్కర్తే. టెస్టర్ పిల్ల.

ఈ పిల్ల తండ్రి కరెంటు పని చేస్తాడు. దీని పెన్సిల్ బాక్సులో పెన్సిలు ఉండదు, టెస్టర్ ఉంటుంది. తొమ్మిదిలో రెండేళ్లుగా ఉంది. ఫిజిక్సులో మొదటి ఏడు నేనిచ్చిన మార్కులు పదకొండు, రెండో ఏడు పద్నాలుగు. ఇవాళ ఏడు నిమిషాల్లో లైటు వెలిగించి, ఇంకేమన్నా ఉందా అన్నట్టు నా మొహం చూసింది.

ఎందుకు వెలిగిందో రాయమంటే కాగితం తెల్లగానే తిరిగిచ్చింది. పోనీ నోటితో చెప్పమంటే కాలి బొటనవేలు చూస్తూ నిలబడిపోయింది. కార్డుతో ఎదురుగా ఎవరు కూర్చున్నా దీని నోరు పెగలదు. అందుకని చేతిపనికి "వచ్చింది", వివరణకు "ఇంకా రాలేదు" అని ముద్రలు వేశాను, సంతకం మాత్రం నేను చేసి చూపించాకే.

తరవాత వెలిగింది నా బుర్రకి. ఈ బళ్లో మెట్ల లైటు వచ్చిన మనిషి ఇదొక్కతే. అంటే నాకు పరీక్ష పెట్టేది ఇదే.

జూలై 11, మంగళవారం

లంచ్ టైములో, నేనూ టెస్టర్ పిల్లా ల్యాబులో తలుపేసుకుని కూర్చున్నాం. బల్బు వెలిగింది. సంతోషంగా రెండో స్విచ్ నొక్కాను, ఆరింది. మొదటిది నొక్కాను. వెలగలేదు. మళ్లీ నొక్కాను. వెలగలేదు. నల్లబల్ల మీద ఈ బొమ్మ నేను ఎన్ని వందల సార్లు గీశానో లెక్కలేదు. అది చేతికి రాదేం?

ఇక్కడో వింత జరిగింది. పిల్ల నోరు విప్పింది. నేను తప్పు చేస్తుంటే చూడలేకపోయినట్టుంది. స్విచ్ వెనకాల మూడు స్క్రూలున్నాయి కదా సార్, మధ్యది ఇల్లు, పక్కవి రెండూ దారులు అంది. ఇంట్లోంచి బయటికొస్తే పైదారైనా పట్టాలి, కిందిదారైనా పట్టాలి, రెండూ పట్టలేం అంది. అటు చివర కూడా అలాగే ఒక ఇల్లు, రెండు దారులు. ఇద్దరూ ఒకే దారిలో ఉంటే కలుస్తారు, లైటు వెలుగుతుంది. ఒకరు దారి మారితే కలవరు, ఆరిపోతుంది. అప్పుడు ఏ ఒక్కరు మారినా మళ్లీ కలుస్తారు. మీరేమో ఇంటిని తీసుకెళ్లి దారిలో పెట్టారు, ఇక ఎవరెటు పోవాలి సార్ అంది.

అని, నా కార్డు మీద "ఇంకా రాలేదు" కొట్టింది. ముద్ర సరిగ్గా పడలేదని ఇంకోసారి కొట్టింది.

జూలై 14, శుక్రవారం, రాత్రి 7.45

ఇంట్లో ప్రాక్టీసు. మెయిన్ ఆపేసి మా మెట్ల లైటు విప్పి, పైన రెండో స్విచ్ పెట్టాను. మూడు గంటలు పట్టింది. ఇప్పుడు పై స్విచ్ పనిచేస్తుంది, కాకపోతే కింది స్విచ్ ఆన్‌లో ఉంటేనే. మా ఆవిడ మేడ మీద బట్టలు తీసుకుని దిగబోతూ, ఆ కింది స్విచ్ నొక్కండి, నేను దిగాలి అని కేకేసింది. ముందు ఒక్క స్విచ్ ఉండేది, శుభ్రంగా వెలిగేది, ఇప్పుడు రెండు స్విచ్‌లూ ఒక మొగుడూ కావాల్సి వస్తోంది అంది.

జూలై 18, మంగళవారం. బీపీ 158/98

ఈసారి గట్టిగా తయారై వెళ్లాను. ఎరుపు మధ్యలో, పసుపు పైన, నీలం కింద. స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, అదే వల్లె వేసుకున్నాను. ఆరు నిమిషాల్లో లైటు వెలిగింది. ఏ స్విచ్ నొక్కినా వెలుగుతోంది, ఆరుతోంది. చెయ్యి చాచాను, కార్డు ఇమ్మని.

పిల్ల కార్డు ఇవ్వలేదు. అన్నీ విప్పేసి, సంచిలోంచి వేరే వైర్లు తీసి నా ముందు పెట్టింది. అన్నీ నలుపే. చేతులు ఆడలేదు నాకు. మీరు రంగులు నేర్చుకున్నారు సార్, లైటు నేర్చుకోలేదు అంది. ఎగతాళిగా అనలేదు. అదే బాధ.

ఇరవై తొమ్మిదేళ్లుగా నా దగ్గర పిల్లలు చేసింది అదే కదా. నా బొమ్మ చూసి, నా బొమ్మే గీసి, మార్కులు పట్టుకుని వెళ్లిపోయారు. దీనికి మాత్రం బొమ్మ గీయడం రాలేదు కాబట్టి పద్నాలుగు. సిగ్గేసింది. డాక్టరు కోపం గురించి చెప్పాడు గాని సిగ్గేస్తే ఏం చేయాలో చెప్పలేదు.

జూలై 19, బుధవారం

రంగుల గురించి ఇవాళ ఏమీ రాయదలుచుకోలేదు.

జూలై 21, శుక్రవారం

నా సంతకం కోసం కార్డులు బల్ల మీద గుట్టపడ్డాయి. తక్కినవాళ్లు కూడా టెస్టర్ పిల్లను చూసి చూసి నేర్చేసుకుంటున్నారు. మిక్సీ గది తలుపు దగ్గర నిలబడి గుట్ట వంక చూసింది, నా వంక చూసింది, వెళ్లిపోయింది. అంత తక్కువగా మాట్లాడటం ఆవిడకు కొత్త.

మధ్యాహ్నం చిన్నది వచ్చింది. చిన్నది అంటే టెస్టర్ పిల్ల చెల్లెలు, అక్కను అందుకుని ఈ ఏడే తొమ్మిదికి వచ్చింది, చురుకైన పిల్ల, అక్క పుస్తకాలన్నీ వేసవిలోనే చదివేసింది. దానికి అన్ని క్రెడిట్లూ అయిపోయాయి, నా సంతకం ఒక్కటే బాకీ. సంతోషించాల్సింది పోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నీ కుర్చీ నాకన్నా ముందు పదిలోకి వెళితే నేను బడి మానేసి నాన్నతో పనికి పోతాను అని అక్క ఒట్టేసిందిట. సార్, మీరు కొంచెం ఆలస్యం చేయగలరా అని అడిగింది.

ఆలస్యం చేయడానికి నేను ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదమ్మా అన్నాను.

జూలై 24, సోమవారం

తప్పు పని చేశాను. టెస్టర్ పిల్లను పిలిచి, నువ్వు నా కార్డు మీద ముద్ర వేసెయ్, నేను నీ వివరణ మీద సంతకం పెట్టేస్తాను, ఇద్దరం గట్టెక్కుతాం అన్నాను. దాని మంచికే అనుకున్నాను. సగం దాని మంచికి.

వెలగని లైటుకి వెలిగిందని సంతకం పెడితే మా నాన్న నా చెయ్యి విరగ్గొడతాడు సార్ అంది.

జూలై 26, బుధవారం. బీపీ 136/86!

వచ్చింది.

నల్ల వైర్లతోనే. ఇల్లు ఎక్కడ, దారులెక్కడ అని చూసుకుంటూ, పైకి చెప్పుకుంటూ చేశాను. వెలిగింది. మధ్యలో టెస్టర్ పిల్ల నా చేతిలోంచి వైరు లాగేసి, ఇప్పుడు ఏది ఆగుతుంది, ఎందుకాగుతుంది అని అడిగింది. చెప్పాను. ఇంకోటి లాగింది. అదీ చెప్పాను. అప్పుడు రెండు చేతులతో ముద్ర పట్టుకుని "వచ్చింది" అని కొట్టింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఇంత సంతోషం లేదు.

ఇంటికెళ్లి మెట్ల లైటు బాగుచేశాను. మా ఆవిడ కింద నొక్కి పైకెళ్లి ఆర్పింది. పైన నొక్కి కిందికొచ్చి ఆర్పింది. మెట్లెక్కినప్పుడల్లా మోకాళ్ల నొప్పులని సణిగే మనిషిలా ఎంతమాత్రం లేదు.

జూలై 27, గురువారం

కార్డులన్నీ సంతకం పెట్టాను. చిన్నది వరసలో ముందు నిలబడి, అందరినీ పోనిచ్చి చివరికెళ్లింది. సంతకం అయ్యాక, కుర్చీ కాలు ఊగుతోంది సార్, మంగళవారం దాకా మొయ్యలేను అంది. కుర్చీ చూశాను. రాయిలా ఉంది.

టెస్టర్ పిల్ల మిగతా పాఠాలన్నీ ఎలాగో గట్టెక్కింది, ఈ వివరణ ఒక్కటే మిగిలింది. దాన్ని నేనే మిక్సీ గదికి తీసుకెళ్లాను. అదే బొటనవేలు, అదే మౌనం. ఈ పిల్ల నాకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది మేడమ్, చెప్పబట్టే నాకు వచ్చింది అన్నాను. ఋజువుందా అంది మిక్సీ. ఎవరు రాసినా ఫరవాలేదు, ఈ పిల్ల చెప్పిన మాటలు చెప్పిన రోజున రాసి ఉంటే చాలు, క్రెడిట్ ఇస్తాను అంది. తొమ్మిదో రూలు ఉంది కదా సార్, మీరు పెట్టిందే అంది.

గది బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఉంది. జూలై పదకొండు. జూలై పద్దెనిమిది. పేజీల కొద్దీ ఉంది. ఈ పుస్తకంలో.

జూలై 29, శనివారం

మిక్సీ. మిక్సీ. మిక్సీ. ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టడం సగంలో ఆపేశాను.

జూలై 30, ఆదివారం. బీపీ 162/100

ఆ రెండు పేజీలే చక్కగా ఎత్తిరాసి ఇద్దామనుకున్నాను. ఫెయిర్ కాపీ చెల్లదు. చింపి ఇద్దామనుకున్నాను. చింపకూడదు. కొట్టేద్దామంటే కొట్టివేతల కింద ఏముందా అని ఇంకా శ్రద్ధగా చదువుతారు. పైగా జూలై ఇరవై నాలుగున నేను సంతకాలు బేరమాడిన సంగతి కూడా ఇందులోనే ఉంది. దానికి ఉద్యోగం పోయినా పోవచ్చు.

మా ఆవిడకు చెప్పాను. ఇంత దిక్కుమాలిన రూలు ఎవరు పెట్టారండీ అని అడిగింది. తెలిసే అడిగింది.

మళ్లీ తనే, ఇవ్వకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది అంది. పనిముట్ల సంచి మోసుకుని నాన్న వెనకాల వెళ్తుంది అన్నాను. ఇస్తే మీరేం మోయాలి అంది. ఆవిడ మెట్ల లైటు వేసి పైకెళ్లిపోయింది.

జూలై 31, సోమవారం, ఉదయం 7.10

ఇచ్చేస్తున్నాను.

మేడమ్, ఇది మీరు చదువుతూ ఉంటే, ఆ పేరు గురించి ఒక్క మాట. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది మిక్సీయే. ఇంతకన్నా నాకేమీ తోచడం లేదు. కావాల్సినవి పదకొండో తేదీ, పద్దెనిమిదో తేదీ. మిగతావి చదవకపోయినా నేనేమీ అనుకోను.

ఆగస్టు 2, బుధవారం

పుస్తకం తిరిగొచ్చింది. పిల్ల మాటలున్న రెండు చోట్లా "వచ్చింది" అని ముద్ర. ఇరవై నాలుగో తేదీ దగ్గర ఎర్ర ఇంకుతో, రేపు నాలుగింటికి నా గదికి రండి. మొదటి పేజీలో "ఎవరి మాటా వినిపించుకోదు" అన్న చోట గీత గీసి, పక్కన "ఇంకా రాలేదు" అని ముద్ర వేసి, కింద తన సంతకం పెట్టుకున్నారు మేడమ్.

మూడో పీరియడులో వరండాలో కుర్చీల చప్పుడు. ముందు టెస్టర్ పిల్ల, వెనకాల చిన్నది. మోసుకెళ్లాలని రూలు. పదో తరగతి గుమ్మం దాకా ఇద్దరూ బర్రున ఈడ్చుకుంటూ వెళ్లారు.

నేను అరవలేదు.