మంట లేని మంట

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

చేపల గంప నెత్తినెత్తుకుని కేకేస్తే వీధంతా వినపడే గొంతు నీది. నాదేమో నువ్వు పోయేనాటికే బొంగురుపోయింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుండేది, పొద్దున లేస్తే పొడిదగ్గు. పెద్ద జబ్బేనని హడలిపోయి నువ్వు మొక్కని దేవుడు లేడు.

మొన్న వేసవిలో బందరు వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరుగారు గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి చూశారు.

"పుండేమీ లేదమ్మా. కడుపులో పులుపు గొంతుదాకా ఎగదన్నుతోంది."

"మా అమ్మకీ ఉండేదండీ. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. నాకసలు మంటే లేదే?"

"ఆవిడది ఒక రకం, నీది ఇంకో రకం. ఇందులో చాలామందికి మంట తెలియదు, గొంతే పాడవుతుంది."

మందులు వాడాను. చీకటి పడకముందే తిని, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, ఎత్తు చేసుకుని పడుకున్నాను. కొన్నాళ్ళకి గొంతు తేరుకుంది.

ఇవాళ గంప నెత్తినెత్తుకుని, బందరులో నువ్వు తిరిగిన వీధిలోనే "రొయ్యలమ్మా, పచ్చి రొయ్యలూ" అని కేకేశాను. నీ దగ్గరే కొనే పంతులమ్మగారు మేడ మీంచి గబగబా దిగొచ్చారు.

"మీ అమ్మే వచ్చిందనుకున్నానే!" అన్నారు.

గంప ఖాళీ అయిపోయినా, బస్టాండుదాకా కేకేస్తూనే నడిచానమ్మా.