ఈ ఏటి మాటకు నా ఓటు

ఏమే మనవరాలా,

ఈ ఏటి మాటను ఎంచే మీ భాషావేత్తల సభకు, రిటైరైన టీచర్నని నన్నూ పిలిచావు. మాట కొత్తదై ఉండాలన్నారు, పాతదైనా ఫరవాలేదన్నారు. అప్పుడే నా బుర్ర తిరిగింది. నువ్వు ప్రతిపాదించిన ‘వైబ్’కు చెయ్యెత్తాను, తర్వాత ‘ఓటీపీ’కీ ఎత్తాను.

“బామ్మగారు భలే హుషారండీ!” అన్నాడు పక్కనున్న నిఘంటువు సంపాదకుడు.

ఒక్కదానికే ఎత్తాలని ఎవరూ చెప్పలేదే! రెండింటికీ పదకొండేసి ఓట్లు వచ్చాయి. ఉన్నది ఇరవై ఒక్కరం. భాషావేత్తలకు లెక్కలు రావనుకుంటా.

రేపు చీటీ తీసి తేలుస్తారట, ‘వైబ్’ కోసం నువ్వు పడ్డ ఏడాది శ్రమను! ఈలోపే అధ్యక్షుడికి నిజం చెప్పేస్తాను. కానీ ఏ ఓటు తీసెయ్యమనను? ‘వైబ్’ అంటే నాకిప్పటికీ తెలీదు, నీకోసం ఎత్తాను. ‘ఓటీపీ’ రోజూ నా నోట్లో నానేదే. ఇంతకీ నువ్వు నన్ను పిలిచింది టీచర్ననా, బామ్మననా?

ఎటూ తేల్చుకోలేని,
నీ బామ్మ