తప్పిపోయిన తట్టు సూది

సోమవారం, జూన్ 2006

ఏ పిల్లలకు ఏ సూదులు పడ్డాయో రాసుకునే మేడం ఇవాళ మా ఇంటికి వచ్చింది. మా బాబు సూదుల కార్డు వానకు తడిసి పాడైంది కాబట్టి నోటి మాటే రాసుకుంటానంది.

"మా మనుమడికి అన్నీ పడ్డయ్ బిడ్డా" అంది అత్తమ్మ.

మేము బీడీల తునికాకు కోతకు అడవిలో ఉన్నప్పుడు బాబుకి తట్టు సూది తప్పిపోయింది. ఆ మాట చెబితే, వాగు దాటి వచ్చి సూదులేసే నర్సమ్మను పైవాళ్లు తిడతారని అత్తమ్మ భయం. బాబుకి ఏమవుతుందోనని నా భయం. తలుపు వెనక నుంచే "తట్టుది పడలేదు మేడం" అన్నాను.

"గిప్పుడొచ్చిందా నీకు నోరు?" అంది అత్తమ్మ.

"తప్పింది తెలిస్తేనే గదమ్మా, మళ్లా ఏసేది. బుధవారం సూదులేసే కాడికి తీస్కపోండి" అంది మేడం.

నర్సమ్మను ఏమంటారోనని నాకూ దిగులుగానే ఉంది. రాత్రి అన్నం తినేటప్పుడు అత్తమ్మ, "బుధవారం పిలగాన్ని నేనే ఎత్తుకపోత. సూది జూస్తే వానికంటే ముందు నువ్వే ఏడుస్తవ్" అంది.