ఆకుపచ్చ క్యాలికో వెన్నులు

అమ్మ తరువాత అమ్మవైన అక్కకు,

నువ్వు కుట్టి పంపిన చొక్కా అందింది. అది తొడుక్కునే నిన్న నా జీవితంలోకెల్లా పెద్ద అబద్ధం రాశాను.

మా గ్రంథాలయం ఉన్న ఇంటిని ఎనభై ఏళ్ల క్రితం ఒక కలప వర్తకుడు ఊరికి దానమిచ్చాడు. అది దానం కాదు, వాడుకోమని ఇచ్చాడంతే అని ఇప్పుడు ఆయన మనవలు అంటున్నారు. పది రోజుల్లో దానపత్రం చూపకపోతే తాళం పడుతుంది. ఆ పత్రం మొదటి రిజిస్టరులోని మొదటి పేజీ. ఇక్కడి పుస్తకాలతోనే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడినయ్యానని, గ్రంథాలయ చరిత్ర రాసే బాధ్యతను లైబ్రేరియన్ గారు నాకు అప్పగించారు. "మొదటి రిజిస్టరును చెదలు తినివేసినవి" అని రాశాను.

తిన్నది నేను, అక్కా. బైండరుగా చేరిన ఏడాది పాత కాగితాల బీరువాలో అది నా కంటపడింది. మందమైన, గట్టి కాగితం. రెండు వేళ్ల వెడల్పున పట్టీలు కోసి, చిరిగిన పుస్తకాల వెన్నులకు లోపల అంటించాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదని నీకు తప్ప ఎవరికీ తెలియదు. పది పాసయ్యానని దరఖాస్తులో రాసింది నువ్వే కదా.

ఏడేళ్ల తరువాత, రాత్రిబడిలో చదవడం నేర్చుకున్నాక, అందులో ఒక పుస్తకం మళ్లీ నా బల్లమీదికి వచ్చింది. వెన్ను విప్పితే పట్టీమీద "ఈ ఇంటిని ఊరి ప్రజలకు" అని ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. మళ్లీ జిగురు పూసి మూసేశాను. పంతొమ్మిదేళ్లుగా ఆ జిగురు నా గొంతులోనే ఉంది.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, నీ పేరూ బయటికొస్తుంది. చెప్పకపోతే గ్రంథాలయమే పోతుంది. ఎటు అడుగు వేయాలో తెలియడం లేదు.

నీ తమ్ముడు

*

ఒరేయ్ పంతులూ,

చెదల మీదికి తోశావా? అవి వచ్చి కాదనలేవనా? ఇంత చదువూ చదివి రాసేది ఇదా? దరఖాస్తు రాసింది నేనే, అడిగితే నా పేరే చెప్పు. కుట్టుమిషను తొక్కుకునేదాన్ని, నన్నెవరు ఏ ఉద్యోగంలోంచి తీసేస్తారు? కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టాలి గానీ, పైన జేబేసి దాస్తారా? పోయి విప్పు.

అక్క

*

నన్ను నిలబెట్టిన అక్కకు,

లైబ్రేరియన్ గారికి అంతా చెప్పి, విప్పాను. పట్టీలు అంటించిన ఏడాది వెన్నులకు వేయడానికి నా దగ్గర ఉన్నది ఆకుపచ్చ క్యాలికో బట్ట ఒక్కటే. కనుక ఆ రంగు వెన్నులన్నీ వెదికాం. నూట పన్నెండు. తడిగుడ్డ వేసి జిగురు నానబెట్టి, లైబ్రేరియన్ గారూ నేనూ నాలుగు రోజులు పట్టీలు ఊడదీశాం. ఆవిడ ఒక్కో పట్టీని ఆరబెట్టి వరస కలిపారు. పత్రమంతా అతికింది, వర్తకుడి సంతకం ఉండవలసిన అడుగు పట్టీ తప్ప.

"ఇంకేమైనా దాచావా?" అన్నారు అప్పుడు.

దాచాను. నేను అక్షరాలు దిద్దుకున్న వాచకం. పోయిందని రాయించి సొరుగులో పెట్టుకున్నాను. తీసి బల్లమీద పెట్టి, కత్తి ఆవిడకు ఇవ్వకుండా నేనే కోశాను. సంతకం అందులో ఉంది.

మనవలు వెనక్కి తగ్గారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఉత్తర్వును తడబడకుండా నేనే చదువుకున్నాను. చరిత్రలో చెదల వాక్యం కొట్టేసి, నా తప్పు రాసి ఇచ్చి వచ్చాను.

ఈరోజు పాఠకుడిగా చేరడానికి వెళ్లాను. లైబ్రేరియన్ గారు దరఖాస్తు చేతికిచ్చి, "ఎవరైనా నింపిపెట్టాలా?" అన్నారు, నవ్వకుండా.

"అక్కర్లేదండీ."

"చదువు" అన్న గడి దగ్గర కలం ఆగింది. పట్టభద్రుడు అని రాశాను. ఎక్కడ చదివావని ఆ కాగితం అడగలేదు. అయినా పక్కనే రాశాను, ఇక్కడే అని.

నీ తమ్ముడు