బల్త్రూస్ బీరు

అల్క్‌స్నై పల్లె,
1994 మార్చి 6

మరిది లుద్వికాస్‌కి,

వదిన వెరూతె దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ మంచు కరుగుతోంది. నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం.

జూలైకి మీ అన్న బల్త్రూస్ పోయి ఏడాదవుతుంది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ఆయన కాచిన బీరే తాగారు. సంవత్సరీకానికి కొట్లో సీసాలు కొంటే సరిపోతుందని అందరూ అంటున్నారు. సీసాలు పెట్టి ఆయన్ని తలుచుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. నేనే కాస్తాను.

చిక్కేమిటంటే, ఎలా కాస్తారో నాకు తెలియదు. ఆయన కొట్టం తలుపు గడియ పెట్టుకుని కాచేవాడు. తలుపు కొడితే, "ఆడగొంతు వింటే నురగ విరిగిపోతుందే, అవతలికి పో" అని లోపల్నుంచే కసిరేవాడు. చివరికి గడ్డికోతలో ఉన్నట్టుండి కూలబడ్డాడు. చెప్పే వ్యవధి ఎక్కడిది? నువ్వు ఆయన తోడబుట్టినవాడివి. నీకు తెలిసే ఉంటుంది. వివరంగా రాయి.

నీ వదిన,
వెరూతె

తా.క.: మీ అన్నదమ్ములకి నలభై ఏళ్ళుగా మాటల్లేవని నాకు తెలుసు. అందులో బీరు చేసిన పాపమేమీ లేదు కదా.


క్లైపెదా రేవు,
మార్చి 15

వదిన గారికి,

లుద్వికాస్ నమస్కారాలు. సరైన మనిషినే అడిగారు. బీరు మా రక్తంలో ఉంది.

బార్లీ నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దంచి, వేడినీళ్ళలో కలపండి. రసం వడగట్టి, చేదు పట్టడానికి హాప్స్ పూలు వేయండి. ఆ తర్వాత ఈస్ట్ వేసి గంటసేపు బాగా మరిగించండి. అదే అసలు కిటుకు. నాలుగు రోజుల్లో పొంగుతుంది.

మీ మరిది,
లుద్వికాస్

తా.క.: కలిపేటప్పుడు ఈల వేయకండి. ఎందుకని అడక్కండి.


అల్క్‌స్నై,
ఏప్రిల్ 9

మరిదికి,

ఈల వేయలేదు. అయినా పొంగలేదు. నాలుగు రోజులు కాదు, తొమ్మిది రోజులు చూశాను. ఒక్క బుడగ లేదు. తాగి చూస్తే తడిసిన గడ్డిమోపు పిండినట్టుంది. పక్కింటి అదోల్ఫినా ముసలమ్మ ఒక గుటక వేసి, మూతి తుడుచుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఎనభై నాలుగేళ్ళలో ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఊరు ఇదే చూడటం.

ఈస్ట్ మరిగిస్తే చచ్చిపోదా? రొట్టె చేసేటప్పుడు మేం గోరువెచ్చటి నీళ్ళలోనే వేస్తాం.

వెరూతె

తా.క.: మిగిలింది ఆవుకు పోశాను. అదీ మూతి తుడుచుకుంది.


క్లైపెదా,
ఏప్రిల్ 18

వదిన గారికి,

ఎంత పని జరిగింది! నేను రాసింది 'మరిగించండి' అని కాదు, 'మురిపించండి' అని. నా చేతిరాత అంతే, మన్నించండి.

ఈస్ట్ ప్రాణమున్నది. చంటిపిల్లలా మురిపించాలి. రసం చల్లారాకే వేసి, పీపాని వెచ్చగా పడుకోబెట్టండి. గాలి చొరబడకుండా మూత బిగించి, పైన తాడు కట్టండి. ఎంత బిగిస్తే అంత రుచి.

లుద్వికాస్

తా.క.: ఆవు ఎలా ఉంది?


అల్క్‌స్నై,
మే 20

మరిదికి,

ఆవు బాగుంది. నా మంచం లేదు.

మురిపించమన్నావు కదా. పీపాని మంచంలో మీ అన్న వైపు పడుకోబెట్టి, ఈకల దుప్పటి కప్పాను. రెండో రోజుకి గురగురమనడం మొదలెట్టింది. నవ్వకపోతే ఒక మాట చెప్తాను. ఇన్ని నెలల తర్వాత ఆ పక్కనుంచి గురక వినపడేసరికి, దుప్పటి మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాను.

మూడోరోజు మధ్యాహ్నం ఫాదరు గారు సంవత్సరీకం పూజ సంగతి మాట్లాడటానికి వచ్చారు. లోపల్నుంచి గురక.

"ఎవరమ్మా పడుకున్నారు?" అన్నారు.

"బల్త్రూస్..." అన్నాను. 'బల్త్రూస్ బీరండీ' అనబోయాను. బీరు అనేలోపు పీపా ధడేల్‌మని పేలింది. మూత గుమ్మం దాటి వాకిట్లో పడింది. ఫాదరు గారు దానికంటే ముందే పడ్డారు.

ఇంకేం తప్పు చేశానో రాయి. సంవత్సరీకానికి రెండు నెలలు కూడా లేవు.

వెరూతె

తా.క.: పరుపు పిండి రుచి చూశాను. బీరు లాగే ఉంది.


క్లైపెదా,
మే 29

వదినా,

తప్పు మీది కాదు. నాకు బీరు కాయడం రాదు. ఎప్పుడూ రాలేదు.

మా నాన్న పోయినప్పుడు అన్నకి పంతొమ్మిదేళ్ళు, నాకు పదిహేడు. "నాన్న కిటుకు నాకొక్కడికే చెప్పాడు" అన్నాడు. నేర్పమని బతిమాలాను. నా ముఖం మీదే తలుపేశాడు. తమ్ముణ్ణి కూడా నమ్మని ఇంట్లో ఉండనని రేవుకొచ్చి, క్రేన్ నడుపుతూ బతికాను. ఇక్కడ బీరు దుకాణంలో గ్లాసులు కడిగేవాణ్ణి అడిగి మీకు రాశాను. వాడు తాగడంలో ఘనుడు, అంతే.

'నీకు తెలిసే ఉంటుంది' అని రాశారు చూడండి, ఆ ఇంటి నుంచి నన్ను ఒకరు ఒకటి అడగడం అదే మొదటిసారి. తెలియదని రాయడానికి చెయ్యి రాలేదు.

సీసాలే కొనండి. నా మాట ఇక వినకండి.

లుద్వికాస్

తా.క.: మంచానికి ఎంతయిందో రాయకండి. ఇప్పటికే సిగ్గుగా ఉంది.


అల్క్‌స్నై,
జూన్ 12

లుద్వికాస్,

కూర్చుని చదువు.

పీపా పేలిన చప్పుడుకి అదోల్ఫినా వచ్చింది. ఈకల్లో కూర్చున్న నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచీ నేను కనపడితే చాలు, అదే నవ్వు. నీ కిందటి ఉత్తరం రాగానే ఆవిడకి చదివి వినిపించాను. నవ్వు ఆగిపోయింది.

"ఒసే వెరూతే, ఒట్టు వేయించుకున్నవాడే పోయాడు, ఇంకెవరి కోసం దాచేది? మీ ఆయనకి బీరు కాయడం రాదే. నలభై ఏళ్ళూ కాచింది నేను," అంది.

మీ నాన్న బల్త్రూస్‌కి ఏ కిటుకూ చెప్పలేదట. చెప్పకుండానే పోయాడు. ఊరంతా పెద్దకొడుకు వైపు చూసేసరికి, తెలుసని అనేశాడు. మొదటిసారి కాచింది పారబోసి, ఆవిడ పెరట్లో కూర్చుని, "అక్కా, పరువు కాపాడు" అని ఏడ్చాడట. అప్పట్నుంచీ ఆవిడ కాచేది, ఈయన ఆవిడకి కట్టెలు కొట్టి, రాత్రివేళ పీపాలు మా కొట్టంలోకి దొర్లించుకొచ్చేవాడు. కొట్టంలో ఊరికే నీళ్ళు మరిగించి, పొగ పైకి పంపి, హాయిగా నిద్రపోయేవాడట! నేను బయట పిల్లుల్ని కూడా అదిలించేదాన్ని, నురగ విరుగుతుందని.

ముందు ఒళ్ళు మండింది. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. "తమ్ముడు లోపలికొస్తే చూసేస్తాడక్కా. ఆ తర్వాత వాడు నన్ను అన్నా అని పిలవడు" అన్నాడట. నిన్ను నమ్మక కాదయ్యా తలుపేసింది. నీకు ఎన్నో ఉత్తరాలు మొదలెట్టి ఆవిడ పొయ్యిలోనే పడేశాడట.

మీ వంశంలో బీరు కాయడం ఒక్కడికీ రాదు. వచ్చినట్టు కనపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ఇప్పుడు ఇద్దరం కలిసి మా వంటింట్లో కాశాం. నిన్న మొదటి గ్లాసు తాగాను. అదే రుచి. సంవత్సరీకానికి ఇంకో పీపా కావాలి, కలపడానికి బలమైన చేతులు కావాలి. జూలై మొదటి వారానికల్లా బయల్దేరు. మంచం కొత్తది చేయించాను, నీకే.

నీ కోసం చూస్తూ,
వదిన

తా.క.: అదోల్ఫినా ఒక్క షరతు పెట్టింది. నువ్వు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, ఎంతైనా తాగొచ్చు. సలహా మాత్రం ఇవ్వకూడదు.