లచ్చికి భయం నేర్పాలి

ఫిబ్రవరి 3
మళ్లీ జింకపిల్లలు. వేపచెట్టు వెనక రెండు, కంచె పక్కన ఒకటి. పుట్టాయని సంతోషపడాలో, గడ్డి లేదని ఏడవాలో తెలియడం లేదు. పార్కులో కింది కొమ్మలకు ఆకు మిగల్లేదు, చెట్ల బెరడు కూడా గీరేస్తున్నాయి. తొట్టిలో దాణా పోస్తే కొమ్ములున్నవి ముందు తింటాయి, పాలిచ్చే తల్లులకు అడుగూ బొడుగూ. లచ్చికి మాత్రం నా కొంగు చాటున గుప్పెడు ఎక్కువ. అన్యాయమే. తల్లి పోయిన పిల్లను సీసాపాలతో పెంచాను… ఏం చెయ్యను.

ఫిబ్రవరి 5
జంతువుల డాక్టరమ్మ వచ్చింది. సగం జింకల్ని, అంటే లచ్చి తిరిగే ఈ వైపు మందనంతా, నల్లమల అడవికి పంపుతారట. ఇక్కడ పులి లేదు, చిరుత లేదు, ఇలాగే పెరిగితే అన్నీ ఆకలితో పోతాయంది. నిజమే.

మరి లచ్చి? అడిగేశాను.

"మనిషిని చూసి పారిపోని జింక అడవిలో బతకదండీ. అటువైపు మంద దీన్ని చేర్చుకోదు. ఇక్కడే చిన్న దొడ్డిలో విడిగా ఉంచేద్దాం."

విడిగానా? మంద లేకుండా జింక ఉంటుందా? ఉండలేదని ఆవిడే ఒప్పుకుంది. లారీ వచ్చేలోగా మనుషులంటే భయం పట్టుకుంటే పంపుదామంది. ఆ భయం పెట్టాల్సింది నేనేనట.

ఫిబ్రవరి 6
భయం ఎలా నేర్పుతారు? నెత్తి మీదుగా విమానం దిగుతున్నా చెవి కదపదు అది.

ఫిబ్రవరి 7
మొదలుపెట్టాను. వచ్చి అలవాటుగా నా చంకలో మూతి దూర్చింది. నాతోపాటు మేత వేసే మల్లేశన్న దూరం నుంచి, జర గట్టిగ అను చెల్లె, అన్నాడు. కసిరాను. నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ వచ్చింది, ఆట అనుకుని. తపేలా మీద గరిటెతో బాదాను. ఇంకా దగ్గరకొచ్చింది, తిండి అనుకుని. మల్లేశన్న నవ్వలేక చచ్చాడు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం
జనం. కంచె దగ్గర ఎవరో బిస్కెట్లు చూపించారు, లచ్చి పరుగో పరుగు. అడ్డం వెళ్లి వాళ్ల మీద అరిచాను. మేమేం జేసినం మేడం అన్నారు పాపం. వాళ్లేం చేశారు? అలవాటు చేసింది నేను.

ఫిబ్రవరి 10
చెప్పు విసిరాను. తగలకుండానే విసిరాను. ఆగి చూసింది… కోపంగా కాదు, అర్థం కాక. ఆ చూపు పోవడం లేదు.

వంట చెయ్యలేదు. ఈయన ఎయిర్‌పోర్టు కిరాయి ముగించి వచ్చి, కారు తాళాలు కూడా కింద పెట్టకుండా సంగతంతా విని, ఉప్మా చేసి నా ముందు పెట్టాడు. "నన్ను ఎన్నిసార్లు తరిమినవే. ఒక్కపారి గూడ గింత ఏడ్వలే నువ్వు." నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

ఫిబ్రవరి 11
ఇవాళ పేరు పెట్టి పిలవలేదు.

ఫిబ్రవరి 13
ఆకుపచ్చ గుడ్డలతో దారి కట్టారు. మొదట్లో వెడల్పు, పోనుపోను సన్నం, కొసన లారీ నిలబడే చోటు. లోపల పచ్చగడ్డి వేస్తున్నాం. పట్టుకుంటే బెదిరి గుండె ఆగిపోతుందట, అందుకని వాటంతట అవే రావాలి. ఒక్కొక్కటే తల దూర్చి చూసి పోతున్నాయి. లచ్చి మంద మధ్యలో ఉంది. నా వైపు రాలేదు!

ఫిబ్రవరి 16
నన్ను చూసి పారిపోయింది. అన్నిటికంటే ముందు, తోక పైకెత్తి. డాక్టరమ్మ మురిసిపోయింది, ఇంక పంపొచ్చండీ అంది. నేనూ తలూపాను. ఇలాంటి గెలుపు పగవాళ్లకు కూడా వద్దు.

ఫిబ్రవరి 18
మంద లోపలికి వెళ్లింది. తలుపు మూశారు. లెక్క చూస్తే లచ్చి లేదు. బయట చింతచెట్టు కింద నిలబడి లోపలి వాటినే చూస్తోంది. గడ్డి వేసినా రాదు. మనిషి అలికిడైతే దూరం… నా అలికిడైనా సరే.

రేపు పొద్దున్నే లారీ. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. మొహం ఎత్తలేకపోయింది పాపం.

"ఒక్కసారి మీరు పిలుస్తారా? మీ గొంతుకైతే వస్తుందేమో."

సరే అన్నాను. ఇంకేమంటాను. పిలవగానే వచ్చేస్తే నేర్పిందంతా బూడిదలో పోసినట్టే, అడవిలో ఎవడు పిలిచినా పోతుంది. రాకపోతే మంద వెళ్లిపోతుంది, ఇది ఒక్కతే ఆ దొడ్డిలో.

ఈయనకు చెప్పాను. "నీకేం గావాలె? రావాల్నా, రావద్దా?" అన్నాడు.

పొద్దున వెళ్లి పిలవాలి. ఇన్నాళ్లూ పొమ్మన్న ఈ గొంతుతోనే.